పాఠానికి లక్క ముద్ర

శనివారం పొద్దున కాలేజీ కుర్రాడు లేవి వేసుకున్న పథకం చిన్నదే. చర్చి టేపు రికార్డరును రిక్షాలో కాలేజీకి తీసుకుపోవాలి, నరసింహప్ప మాస్టారి ఆర్థికశాస్త్రం పాఠాన్ని రికార్డు చేసుకోవాలి, వస్తూ వస్తూ మిషన్‌ను చర్చిలో దించాలి. చర్చి పనికి బేతంచెర్ల బండలు దించుతూ కుడిచెయ్యి నలగ్గొట్టుకుని రాయలేకపోతున్నందుకు పాదిరి దావీదురాజు అయ్యగారే ఆ మిషన్‌ను వాడుకోమన్నారు. పరీక్ష మార్చిలో. నోట్సు లేకపోతే ఏడాది పోతుంది, కమలాపురంలో అన్న వెంట చేనికి పోవాలి. తోటివాళ్ల నోట్సు అడుగుదామంటే, వాళ్లు ఇన్నాళ్లూ రాసుకున్నది లేవి నోట్సు చూసే.

అనుమతి కోరుతూ అతడు పెట్టుకున్న అర్జీ మీద కాలేజీ సంఘం మూడుసార్లు కూర్చుంది. దేవుడు లోకమంతటికీ పది ఆజ్ఞలతో సరిపెట్టాడు. ఒక్క మిషన్‌కు సంఘం పదకొండు రాసింది. క్లాసులోకి వచ్చిన ప్రతి రీలునూ ఆఫీసులో అప్పగించవలెను. దానికి లక్క ముద్ర వేయవలెను. ప్రిన్సిపాలుగారు విని ఆమోదించేవరకు ఎవరూ వినరాదు. చెప్పిన మాట చెరిగిపోకుండా నిలుస్తుందంటే చెప్పేవాళ్లే భయపడటం వింత. అందరికంటే ఎక్కువ భయం నరసింహప్ప మాస్టారిది. పాఠం ఇంగ్లీషులోనే చెప్పాలని విశ్వవిద్యాలయం ఉత్తర్వు. ఆయన ఇంగ్లీషులో ఒక్క వాక్యం చదివి, తక్కిన గంటంతా తెలుగులో విడమరిచి చెప్పేవారు.

ఆ శనివారం మిషన్ పెట్టెలో ఇంకో రీలు కూడా ఉంది. ఊరికి పోతూ అయ్యగారు మరునాటి ప్రసంగాన్ని ముందే అందులో చెప్పి ఉంచారు. పాఠం ముగిశాక గుమస్తా తిమ్మయ్య రెండు రీళ్లూ లాక్కుని ముద్ర వేశాడు.

"ఒకటి ప్రసంగం తిమ్మయ్యప్పా. రేపు చర్చిలో పెట్టాల," అన్నాడు లేవి.

"ఏదబ్బా అది? రెండూ ఒకే తీరుగా ఉండాయి. పేరు రాసుకోకూడదా?"

"చెయ్యి ఇట్లుంటే యాడ రాసేది? ఒకసారి పెట్టి వింటే తెలిసిపోతాది."

"వినేదానికి లేదు. మూడో నిబంధన."

తిమ్మయ్య దైవభక్తి కలవాడు. రెండు రీళ్లనూ చెరో చేత్తో తూచి, బరువనిపించిన దాన్ని కళ్లకద్దుకుని లేవికిచ్చాడు. "దేవుని మాటే బరువుంటాది, తీసుకుపో."

ఆదివారం చర్చిలో మిషన్ తిప్పగానే నరసింహప్ప మాస్టారి గొంతు వచ్చింది. లేవి ఆపబోతే చర్చి పెద్ద ఏసేపు అతడి మంచి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దేవుని వాక్యం నడుస్తాంటే మిషన్ ముట్టుకోవద్దు."

"అది అయ్యగారి గొంతు కాదు తాతా."

"జలుబు చేసింటాది. గమ్మునుండు."

"ఒక చేనిలో ఇద్దరు దిగితే ఒక పంట. నలుగురు దిగితే ఇంకొంచెం. పదిమంది దిగితే? చెమట పెరుగుతాది గానీ గింజ పెరగదు," అంది మిషన్. కూలికి పోయే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీవమ్మ మెల్లగా "ఆమెన్" అంది. తర్వాత చర్చంతా అంది.

సోమవారం కాలేజీ సంఘం రెండో రీలు ముద్ర విప్పింది. "పాపులారా, మీ తప్పులు ఒప్పుకొనుడి," అని వినబడింది. అందరూ నరసింహప్ప మాస్టారి వైపు తిరిగారు. అది తన గొంతు కాదంటే తన రీలు ఏదని అడుగుతారు. ఆ తెలుగు పాఠం బయటపడితే ఉద్యోగానికే ముప్పు. ఆ గొంతు తనదేనన్నట్టు ఆయన తలవంచుకున్నారు.

"మతం సంగతి తర్వాత చూద్దాం," అన్నారు ప్రిన్సిపాలు. "ముందు ఇది చెప్పండి. తెలుగులో చెప్పినారా, లేదా?"

అంతలో ఏసేపు తలగుడ్డ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దొరా, నిన్న మిషన్‌లో చెప్పినాయన ఈడ సారంట గదా. శానా బాగా చెప్పినాడు. మిగతాది ఎప్పుడు చెప్తాడో కనుక్కుందామని వచ్చినా."

దాంతో, పిలిపించి ఓ మూల నిలబెట్టిన లేవి జరిగిందంతా చెప్పేశాడు.

"నిన్న ఎంతమంది విన్నారు?" అన్నారు ప్రిన్సిపాలు.

"రెండొందలు సార్. ఒక్కరూ నిద్రపోలేదు."

"మరి క్లాసులో?"

"నేను మేలుకునే ఉండా సార్. మిషన్ చూసుకోవాల కదా."

సంఘం నాలుగోసారి కూర్చుని దయ తలచింది. మాస్టారిని మందలింపుతో వదిలేసింది. లేవి ఇకమీదట రీళ్లను ముద్ర లేకుండా ఇంటికి తీసుకుపోవచ్చు, ఎన్నిసార్లయినా వినవచ్చు. అయితే పాఠంలో ఒక్క తెలుగు ముక్క కూడా ఉండరాదు. లేవి ఆ వారం రీలును ఆరుసార్లు విన్నాడు. అర్థమైంది మాస్టారి దగ్గు ఒక్కటే.

అతడు కమలాపురం పోవడానికి మూట కట్టుకుంటున్నాడని విని, మాస్టారు ఏసేపును వెతుక్కుంటూ వెళ్లారు. ప్రతి ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో తెలుగులో పాఠం మొదలైంది. లేవి దానితోనే మార్చి పరీక్ష గట్టెక్కాడు. పాఠం మొదలైన వారం అతడొక్కడే వచ్చాడు. నెల తిరిగేసరికి క్లాసు క్లాసంతా అక్కడే కూర్చునేది. హాజరు మాత్రం నిబంధనల ప్రకారం కాలేజీలోనే వేసేవారు.