ఫైల్లోంచి దేవుణ్ణి తీసేసిన మంత్రిగారు

దేవుడు ఉన్నాడా లేడా అన్న విషయాన్ని మంగళవారం ఉదయం పదిన్నర నుంచి పదకొండు వరకు పరిశీలిస్తామని విద్యామంత్రిగారి ఆఫీసు పత్రికలకు ప్రకటన పంపింది. పదకొండుంబావుకి వంతెన ప్రారంభోత్సవం ఉన్నందున ఈలోగానే తేల్చేస్తారని కూడా అందులో రాశారు. వేల ఏళ్లుగా నలుగుతున్న ఫైలుని అరగంటలో క్లియర్ చేస్తాననడం మాటలా? అలాంటి గుండె ధైర్యం మన మంత్రిగారికే ఉంది.

ప్రకటన చూసి సైన్సు టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అప్పటికి ఆరువారాలుగా సస్పెన్షన్‌లో ఉంది. జరిగిందేమిటంటే, బళ్లో ఎనిమిదో తరగతి గది స్లాబు ఒక ఆదివారం ఊడి బెంచీల మీద పడింది. సెలవు రోజు కాబట్టి పిల్లలు బతికిపోయారు. ఇంజినీరుగారు వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, పైకి చూసి, "దైవ నిర్ణయం" అని రిపోర్టు రాశారు. టీచరు నోరు మూసుకుని ఊరుకోవచ్చా? ఊరుకోలేదు. ఊడిన పెచ్చు చేత్తో నలిపితే పిండిలా రాలుతోందనీ, సిమెంటు పేరుకే ఉందనీ, మిగతా మూడు గదులూ అదే కాంట్రాక్టరు కట్టాడు కాబట్టి పిల్లల్ని వెంటనే ఖాళీ చేయించాలనీ పైకి రాసింది. స్లాబు పడ్డా ఎవరికీ తగలని దెబ్బ, ఆ కాగితంతో జనం మత మనోభావాలకు తగిలింది. వారం తిరక్కుండా సస్పెన్షన్ ఆర్డరొచ్చింది.

ఆవిడ మేనమామ స్వేచ్ఛాలోచనాపరుల సంఘానికి అధ్యక్షుడు. తర్కశాస్త్రం లెక్చరరుగా రిటైరయ్యాడు. దేవుడు లేడని ప్రతి ఆదివారం పదకొండుమంది సభ్యులకు నిరూపిస్తూ ఇరవైరెండేళ్లు గడిపాడు. ఆ సంగతి వాళ్లకి ముందే తెలుసు, అయినా పెద్దాయన కదా అని వింటారు. సంఘం కార్యదర్శికి కళ్లజోళ్ల షాపుంది. మంగళవారం ఆయనా, మావయ్యా, టీచరూ కలిసి మంత్రిగారి ఆఫీసుకి వెళ్లారు.

"మావయ్యా, నా ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆ మూడు గదులు ఖాళీ చేయించమని అడుగు," అంది టీచరు మెట్లెక్కుతూ.

"తల్లివేరు నరికితే కొమ్మలు అవే ఎండుతాయి అమ్మాయ్. నన్ను ముందు దేవుడి సంగతి తేల్చనీ," అన్నాడు మావయ్య.

మంత్రిగారి గదిలో గోడ నిండా అన్ని మతాల పటాలూ వరసగా ఉన్నాయి. చివర ఒక ఖాళీ ఫ్రేము తగిలించి ఉంది.

"అది మీవాళ్ల కోసమే," అన్నారు మంత్రిగారు. "పొద్దున్నే దానిక్కూడా దండం పెట్టుకుంటాను. నేను పచ్చి లిబరల్‌ని."

కళ్లజోళ్ల షాపాయనకి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో సంఘానికి దక్కిన మొదటి గౌరవం అదే.

"దేవుడు లేడండీ," అని మొదలుపెట్టాడు మావయ్య.

"ఒప్పుకున్నాను," అన్నారు మంత్రిగారు.

మావయ్య నలభై పేజీల వాదన రాసుకొచ్చాడు. అవతలివాడు మొదటి వాక్యానికే ఒప్పేసుకుంటే పాపం ఏం చేస్తాడు? కాసేపు కాగితాలు తిరగేశాడు.

"మరి ఇంకెవరైనా వచ్చి ఉన్నాడంటే?"

"అదీ ఒప్పుకుంటాను. ఒకళ్ల మనసు నొప్పించడం నా వల్ల కాదు."

"ఆత్మ కూడా లేదండీ."

మంత్రిగారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఆగండాగండి. నేను పదవిలోకి వచ్చేటప్పుడు ఆత్మసాక్షిగా ప్రమాణం చేశాను. ఆత్మే లేకపోతే ఆ ప్రమాణం?"

"తర్కం ప్రకారం చెల్లదండీ."

"ఎంత బరువు దించారు సార్," అంటూ ఆయన హాయిగా వెనక్కి వాలారు.

టీచరుకి ఒళ్లు మండింది. చేతిసంచీలోంచి స్లాబు పెచ్చు తీసి టేబుల్ మీద పెట్టింది. మంత్రిగారు వేలితో ముట్టుకోగానే అది ముప్పాతిక వంతు పొడైపోయింది. పి.ఎ. గబగబా గుడ్డ తెచ్చి తుడిచేశాడు.

"మీ సిద్ధాంతంలో ఇలాంటివి ఎవరు చేస్తారండీ?" అని మావయ్యని అడిగారు మంత్రిగారు.

"ఏం జరిగినా ప్రకృతేనండీ. ప్రకృతికి అతీతమైంది ఏదీ లేదు."

"స్లాబు పడటం కూడా?"

"నిస్సందేహంగా. గురుత్వాకర్షణ."

"మరి కాంట్రాక్టరు?"

"మనిషి కూడా ప్రకృతిలో భాగమేనండీ."

"అయితే పాపం, అతనూ బాధితుడే." మంత్రిగారు పి.ఎ. వైపు తిరిగారు. "ఫైల్లో 'దైవ నిర్ణయం' కొట్టేసి 'ప్రకృతి వైపరీత్యం' అని పెట్టు."

కళ్లజోళ్ల షాపాయన లేచి చప్పట్లు కొట్టాడు.

"ప్రకృతి సిమెంటు తింటుందా మావయ్యా?" అంది టీచరు.

"ఊరుకో అమ్మాయ్. ప్రభుత్వం ఫైల్లోంచి దేవుణ్ణి తీసేశారు. ఇది చరిత్ర."

"సార్, ఆ మూడు గదులు," అంది ఆవిడ మంత్రిగారితో.

"వైపరీత్యం ముందు చెప్పి రాదు కదమ్మా," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా. ఆ చేత్తోనే శాస్త్రీయ దృక్పథ పరిశీలన కమిటీ ఒకటి వేసి, మావయ్యని దానికి చైర్మన్ని చేసి, కారు కూడా ఇచ్చారు. అప్పటికి పదీ యాభై రెండే అయింది.

శుక్రవారం టీచరు ఇంటికి ఆర్డరొచ్చింది. వీధి గుమ్మంలో నిలబడే చదివింది. మత మనోభావాలను గాయపరిచారన్న ఆరోపణను ప్రభుత్వం ఉదారంగా వెనక్కి తీసుకుంది. అయితే ప్రకృతి వైపరీత్యాన్ని ఒక మనిషికి అంటగట్టినందువల్ల సదరు టీచరుకి శాస్త్రీయ దృక్పథం బొత్తిగా లేదని కమిటీ తేల్చిన మీదట, ఆమెను సైన్సు బోధించే ఉద్యోగం నుంచి తొలగించడమైనది. కింద చైర్మన్ సంతకం ఉంది.

ఆవిడ వెంటనే మావయ్యకి ఫోన్ చేసింది.

"ఈ సంతకం నీదేనా మావయ్యా?"

"నాదే. చూశావా అమ్మాయ్, రెండు పేజీల ఆర్డర్లో దేవుడి మాట ఒక్కచోట కూడా లేదు."

"నా ఉద్యోగం పోతే పోయింది. బయట వాన కురుస్తోంది. పిల్లలింకా ఆ గదుల్లోనే కూర్చున్నారు."

అవతల కారు తలుపు వేసిన చప్పుడైంది.

"వాళ్లకేం కాదులే అమ్మాయ్," అన్నాడు మావయ్య. "దేవుడున్నాడు."