నూటికి నూరు తలుపులకు గడియ

ఆకలేసినవాడికి అన్నం పెట్టడం గొప్ప సంగతేం కాదు. ఎవరైనా పెడతారు. 'మీ ఆకలి ఒకటి నుంచి ఐదు లోపల ఎంత?' అని అడిగి, జవాబు రాసుకుని, నవ్వుతూ వెళ్లిపోవాలంటే మాత్రం ప్రత్యేకమైన శిక్షణ కావాలి! నాకు ఆ శిక్షణ ఉంది. అందుకే ఒక సహాయ సంస్థ నన్ను విమానం ఎక్కించి పరాయి దేశంలోని ఈ శిబిరానికి పంపింది.

పదకొండు నెలలైంది. ఎల్లుండే తిరుగు ప్రయాణం. పెట్టె సగం సర్ది, సర్వేల మీద ఈగ వాలనివ్వకూడదని ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నాను. సర్వేలంటే మండిపడేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్న పన్నెండు వేలమంది ఇక్కడ రేకుల గదుల్లో తలదాచుకున్నారు. సర్వస్వం పోయినవాళ్లను ఈ రోజుల్లో ఎవరు పలకరిస్తారు చెప్పండి? మేం పలకరిస్తాం, వారానికి మూడుసార్లు! సోమవారం నీళ్ల సర్వే, బుధవారం దుప్పట్ల సర్వే, శుక్రవారం 'సర్వేలతో మీరు విసిగిపోయారా?' అనే సర్వే. ఆ చివరిదానికి జనం జవాబులు సరిగా ఇవ్వలేదని రెండోసారి కూడా చేశాం.

నా శాఖ మరుగుదొడ్లు. నవ్వకండి! రెండొందల నలభై తలుపులు నా ఏలుబడిలో ఉన్నాయి.

మూడో వరసలో ఒక దర్జీ అమ్మ ఉంది. చేతిమిషను మీద పాతబట్టలు కుట్టుకుంటూ బతుకుతుంది. ఆమెకు పధ్నాలుగేళ్ల కూతురు. మొదటి సర్వేలో 'మీకేం కావాలమ్మా?' అని మా దుబాసీ చేత అడిగించాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"లోపలివైపు గడియ కావాలి బాబూ. ఉన్న గడియ బయట ఉంది. పిల్ల లోపలికెళ్తే నేను తలుపు పట్టుకుని నిలబడాలి. నేను పనిలో ఉంటే అది వెళ్లనే వెళ్లదు. ఎక్కడ వెళ్లాల్సొస్తుందోనని నీళ్లు తాగడమే మానేసింది."

గడియ బయటెందుకు ఉందంటారా? అది మా ముందుచూపు! మొదట్లో తలుపులు గాలికి టపటపా కొట్టుకునేవట. చూడ్డానికొచ్చిన పెద్దల ఫొటోలన్నిట్లోనూ వెనకాల బార్లా తెరిచిన మరుగుదొడ్లే పడ్డాయట. 'వెంటనే గడియలు పెట్టించండి' అని ఉత్తర్వులొచ్చాయి. ఫొటో తీసేవాడు బయటే కదా నిలబడతాడు? అందుకని గడియలూ బయటే బిగించారు.

దాంతో ఆకతాయిలకు మంచి కాలక్షేపం దొరికింది. లోపల మనిషి ఉండగా గడియ పెట్టేసి పారిపోతారు. ఒక ముసలావిడ పూటంతా లోపలే ఉండిపోయింది. బయటికొచ్చిన వెంటనే ఆమె అనుభవాన్ని నమోదు చేద్దామని నేను ట్యాబ్ తీశాను. ఆవిడ చెప్పినదాన్ని అనువదించడం తన వల్ల కాదని మా దుబాసీ తప్పుకున్నాడు.

ఇక దర్జీ అమ్మ కోరిక సంగతి. మా ఫారంలో ఉన్న ప్రశ్న ఇది: 'తలుపుకు గడియ ఉందా? ఉంది, లేదు.' ఎటువైపు ఉందో రాయడానికి చోటు లేదు. నేను అబద్ధం ఆడే మనిషిని కాను. 'ఉంది' అని టిక్కు పెట్టాను. మా శాఖ చేసిన తొమ్మిది సర్వేల్లో ఆమె తొమ్మిదిసార్లు అడిగింది, నేను తొమ్మిదిసార్లు టిక్కు పెట్టాను. ఫారం మార్చమని హెడ్డాఫీసుకు రాస్తే, మారిస్తే పోయినేడాది అంకెలతో పోల్చడం కుదరదన్నారు. పోనీ వాళ్లు వాడే ఆ ఒక్క తలుపుకైనా గడియ మారుస్తానంటే, మిగతా రెండొందల ముప్ఫై తొమ్మిది తలుపులకూ అన్యాయం జరుగుతుందన్నారు. ఎంత ధర్మబుద్ధి!

ఫోన్లో మా అక్కకు ఇదంతా చెప్పాను.

"నాలుగు స్క్రూలు విప్పి లోపల బిగించడానికి నీకేమొచ్చిందిరా?" అంది.

"నీకు మా సిస్టం తెలీదక్కా."

"తగలెయ్, మీ సిస్టం! ఆడపిల్లరా అది!"

అక్కకు మొదట్నుంచీ ఓపిక తక్కువ.

పోయిన నెల ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మూత్రంలో మంట. శిబిరం డాక్టరమ్మ మందిచ్చి, నీళ్లు బాగా తాగమంది. పిల్ల బుద్ధిగా తలూపింది, తాగలేదు. రెండోసారి తీసుకొస్తే డాక్టరమ్మ తల్లిని పక్కకు పిలిచి, ఇలాగే ఉంటే కిడ్నీలు పాడవుతాయని చెప్పింది. ఆ కేసు ఆరోగ్యశాఖ లెక్కలోకి వెళ్లింది. మరుగుదొడ్ల శాఖకు మచ్చ రాలేదు.

నిన్న నాకు వీడ్కోలు సభ జరిగింది. నా చివరి రిపోర్టును తెరమీద చూపించారు. 'నూటికి నూరు తలుపులకు గడియ.' చప్పట్లే చప్పట్లు! సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దాన్ని పట్టుకుని గదికొస్తుంటే నాకు సిగ్గేసింది. పాఠకులారా, ఈ ఒక్క మాటా వెటకారం కాదు.

ఇవాళ పొద్దున్నే స్టోర్‌లో స్క్రూడ్రైవర్ తీసుకుని మూడో వరసకు వెళ్లాను. బయటి గడియ విప్పి లోపలివైపు బిగించాను. తుప్పు పట్టిన ఒక స్క్రూ మొండికేసింది కాబట్టి పావుగంట పట్టింది. పిల్ల లోపలికెళ్లి గడియ వేసుకుంది. తల్లి అలవాటు కొద్దీ తలుపు పట్టుకుని నిలబడింది.

"నువ్వెళ్లమ్మా. నేనొస్తాలే" అంది పిల్ల లోపల్నుంచి.

దర్జీ అమ్మ చెయ్యి తీసి నావైపు తిరిగింది. ఈ మాత్రం మాటలకు దుబాసీ అక్కర్లేనంతగా వాళ్ల భాష నాకు వంటబట్టింది.

"ఇది పావుగంట పనని నీకు ముందే తెలుసా బాబూ?"

పదకొండు నెలలు ప్రశ్నలడిగిన నోరు నాది. జవాబు చెప్పాల్సి రావడం ఇదే మొదలు.

"తెలుసమ్మా" అన్నాను.

అంతలో నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి కొత్త ట్యాబ్‌తో అటే వచ్చింది. తలుపు మీద నాలుగు స్క్రూ రంధ్రాలు చూసి, 'గడియ లేదు' అని టిక్కు పెట్టుకుంది.

"వచ్చే వారం బయట కొత్త గడియ పెట్టించేస్తాను సార్!" అంది హుషారుగా. నేను ఆమెకు విషయమంతా వివరించబోయాను.

"చెప్పండి సార్, పదో సర్వేలో రాసుకుంటాను" అంది.

దర్జీ అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని, పక్క తలుపు దగ్గరికి వెళ్లి మొదటి స్క్రూ విప్పడం మొదలుపెట్టింది. గడియ ఎటువైపు కావాలని ఎవర్నీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.