కిటికీ పక్క కుర్చీ

ఆ ఉదయం కంపోజిటర్ గారు పెట్టుకున్న పనులు రెండే. కాఫీ తాగడం, విరిగిన కళ్లజోడు కాడ అతికించుకోవడం. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు నిలబడి సీసపు అక్షరాలు పేర్చిన మనిషికి కూర్చుని చేసే పని ఏదైనా విలాసమే.

రెండో పని మొదలుకాకముందే కోడలు కాగితాల కట్టతో వంటింట్లోకి వచ్చింది. ఆమె కాలేజీలో సాహిత్యం చెబుతుంది. పదకొండు గంటలకు సభలో ప్రసంగం. అది బాగుంటే రెండేళ్లుగా ఊగిసలాడుతున్న ఉద్యోగం ఖాయమవుతుంది. బాగోకపోతే సెలవుల తర్వాత రానక్కర్లేదని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పాడు.

"మావయ్యా, ఒక్క పేజీ వినండి. నిద్రొస్తే చెప్పేయండి, అక్కడ కత్తిరిస్తాను."

"చదువమ్మా."

ఆమె గొంతు సవరించుకుంది. నలభై రెండేళ్ల కిందట అచ్చయి, బళ్లలో పాఠమైపోయిన గొప్ప నవల గురించి ఆ ప్రసంగం.

"అన్నదమ్ములు ఇల్లు పంచుకునే అధ్యాయంలో రచయిత ఒక్క వాక్యం విసిరి ఊరుకుంటాడు. 'కిటికీ పక్క కుర్చీ ఆ రోజంతా ఖాళీగానే ఉంది.' ఆ కుర్చీ మాట ముందు లేదు, తర్వాతా లేదు. అది వాటా అడగడానికి నోరు లేని ఆడపడుచుది. అందరూ గోడలు కొలుచుకుంటుంటే, అక్కడ లేని మనిషిని ఎవరో ఒకరు గమనించారు. నవలకు ప్రాణం ఆ గమనింపులోనే ఉంది."

కంపోజిటర్ గారికి కాఫీ అడ్డం పడింది.

"నిద్రొచ్చిందా?"

"లేదమ్మా. పొలమారింది. ఆ ఒక్క వాక్యం మీదే మాట్లాడతావా?"

"ఇంకేం ఉంది మావయ్యా మాట్లాడ్డానికి? దాని మీద ఆరు పుస్తకాలొచ్చాయి. ఈరోజు వస్తున్న ప్రొఫెసరైతే ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీ మీదే ఉన్నారు. ఆయన్ని కుర్చీ ప్రొఫెసరనే పిలుస్తాం." అని ఆమె హడావుడిగా వెళ్లిపోయింది.

ఆయన మాత్రం లేవలేకపోయాడు. ఆ వాక్యం రచయిత రాసింది కాదు. తను రాసింది.

నలభై రెండేళ్ల కిందట, ఆ పేజీ పేర్చి బల్ల మీదికి మారుస్తుంటే చెయ్యి జారి చివరి పంక్తి నేలపాలైంది. రాతప్రతి అప్పటికే యజమాని బీరువాలో ఉంది, తాళం యజమాని జేబులో ఉంది, యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆ పంక్తి జాగా నింపడానికి ఏదో ఒకటి పేరుద్దామని తలెత్తి చూశాడు. ప్రూఫులు దిద్దే అమ్మాయి ఆ రోజు పనికి రాలేదు. ఆయనకు కనిపించింది పేర్చేశాడు. మర్నాడు ఆమె ఎలాగూ రాతప్రతితో పోల్చి కొట్టేస్తుంది. కామా కూడా వదలని మనిషి, అచ్చాఫీసులో అందరూ ఆమెను భూతద్దం అనేవాళ్లు. కానీ భూతద్దం ఆ ఒక్కటీ వదిలేసింది. ఆమె పేరు పోతుందని ఆయన నోరు మెదపలేదు. ఆ ఏడాదే ఆమెతో పెళ్లయింది. భార్య తప్పు బయటపెట్టే ధైర్యం తర్వాత అసలే రాలేదు.

ఇప్పుడూ చెప్పేవాడు కాదు. కానీ బల్లమీది పేపర్లో చిన్న వార్త ఉంది: రచయిత బంధువుల ట్రంకు పెట్టెలో రాతప్రతి దొరికింది, వచ్చే నెల సరిచూసిన ముద్రణ వస్తుంది. ఈరోజు ఆ వాక్యం మీద ఉద్యోగం సంపాదించుకున్న కోడలు వచ్చే నెల నవ్వులపాలవుతుంది.

ఫోన్ చేశాడు. పక్కగదిలో ఛార్జింగ్‌కి పెట్టిన కోడలి ఫోన్ మోగింది.

"ఏమండీ, కళ్లజోడు!" భార్య కేక వినిపించేసరికి ఆయన వీధి మలుపు దాటేశాడు.

కాలేజీలో బ్యాడ్జి పెట్టుకున్న విద్యార్థిని ఎదురొచ్చింది. "ఎవరు కావాలి సార్?"

"ఆ నవల్లో కుర్చీ గురించి అర్జెంటుగా ఒక మాట చెప్పాలమ్మా."

"అతిథి వక్తా మీరు? ఇంత ఆలస్యమైతే ఎలా సార్?" అంటూ ఆ పిల్ల మాట పూర్తికానివ్వకుండా రెండంతస్తులు ఎక్కించి, పక్క తలుపులోంచి వేదిక మీదికి తోసేసింది.

కోడలు అప్పుడే మైకు ముందుకు వచ్చింది. కళ్లజోడు లేని ఆయనకు అంతా మసక. కాస్త పక్కన కుర్చీ ఒకటి కనిపిస్తే హమ్మయ్య అని కూలబడ్డాడు. అట్టతో చేసిన కిటికీగానీ, దాని పక్కన విద్యార్థులు పూలు చల్లి, తాడు కట్టి, 'కూర్చోరాదు' అని రాసిపెట్టిన పలకగానీ ఆయన కంట పడలేదు.

సభ ఊపిరి బిగబట్టింది. తర్వాత చప్పట్లతో హోరెత్తింది. ముందు వరసలో కుర్చీ ప్రొఫెసర్ కళ్లు తుడుచుకున్నాడు. "శూన్యాన్ని శ్రమజీవి ఆక్రమించాడు. ఎంత సాహసమైన వ్యాఖ్యానం."

"మావయ్యా," కోడలు పళ్ల మధ్యనుంచి అంది, "ఏం చేస్తున్నారు?"

"ప్రసంగం ఆపమ్మా. ఆ వాక్యం రచయితది కాదు. నేను పేర్చాను."

గుసగుసగానే అన్నాడు. మైకు దానిని చివరి వరసదాకా మోసింది.

ప్రొఫెసర్ లేచాడు. ఇరవై ఏళ్లు కూడా ఆయనతోపాటే లేచినట్టుంది. "మీరెవరండీ?"

ఇక దాచి లాభం లేదు. కంపోజిటర్ గారు జారిన పంక్తి, తాళం వేసిన బీరువా, ఖాళీ కుర్చీ అన్నీ చెప్పేశాడు. ప్రూఫు చూసిన మనిషి మాట మాత్రం మింగేశాడు. "తప్పంతా నాదే. మా కోడలికి ఏమీ తెలియదు. ఆ పిల్ల ఉద్యోగం..."

"ప్రూఫు చూసినవాళ్లు ఏం చేస్తున్నట్టు?" ప్రొఫెసర్ నిలదీశాడు.

"చూస్తూనే ఉన్నా," అని వెనకనుంచి జవాబొచ్చింది. ఆయన భార్య ఆయాసపడుతూ నడవలో నిలబడి ఉంది, చేతిలో ఒంటికాడ కళ్లజోడు. "ఆ ప్రూఫు నాదే."

"రాతప్రతితో పోల్చలేదా?"

"పోల్చకేం? అక్కడ 'ఆ సాయంత్రం గాలి బాగా వీచింది' అని ఉంది. దానికంటే ఈయనదే నయమనిపించింది. పైగా అది నా కుర్చీ కదా."

కంపోజిటర్ గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "నీకు తెలుసా?"

"నలభై రెండేళ్లుగా."

"ఒంట్లో బాగాలేక వదిలేశావనుకున్నానే. నీ పేరు పోతుందని ఎక్కడా నోరెత్తలేదు."

"నేను కామా వదిలిన మనిషినా? మీరే ఎప్పుడో ఒకరోజు చెబుతారని చూస్తున్నా. పెళ్లి చేసుకుంటావా అని అడగడం కూడా ఆర్నెల్లు నాన్చారు." ఆమె వేదికెక్కి కళ్లజోడు ఆయన ముక్కుమీద సర్దింది. "ఆ ప్రూఫు చూశాకే నేను ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నా. మీరింకా అడగనేలేదు."

కోడలు ప్రసంగం కాగితాలను నెమ్మదిగా పక్కన పెట్టింది.

"ఇది నోరు లేని మనిషి కుర్చీ అని రాసుకొచ్చాను," అంది మైకులో. "ఈ కుర్చీ మనిషికి నోరు ఉందో లేదో మా ఇంటికొస్తే తెలుస్తుంది." సభ ఘొల్లుమంది. ఆమె అది సద్దుమణిగేదాకా ఆగింది. "మిగతాదంతా కొట్టేయొచ్చు. ఒక్క మాట మాత్రం ఉంచుతాను. అక్కడ లేని మనిషిని ఎవరో ఒకరు గమనించారని రాశాను. గమనించారు. చదివినవాళ్లం అందరం మన ఇంట్లో ఖాళీ అయిన కుర్చీని అక్కడ వేసుకున్నాం. అందుకే ఆ వాక్యాన్ని ఇన్నేళ్లూ ఎవరూ అనుమానించలేదు."

ప్రిన్సిపాల్ మైకు అందుకున్నాడు. "ఆధారాన్ని నడిపించుకుని సభకు తెచ్చి, అడ్డుపడినట్టు నటింపజేసి, సాక్షిని కూడా సరైన సమయానికి ప్రవేశపెట్టిన అధ్యాపకురాలిని నా సర్వీసులో చూడలేదు. ఇలాంటివాళ్లను ఎవరైనా వదులుకుంటారా?"

కోడలు మావగారి వైపు చూసింది. మావగారు కప్పు వైపు చూశాడు. అత్తగారు 'కూర్చోరాదు' పలకలో అక్షరాలు సమంగా ఉన్నాయో లేదో చూస్తోంది.

ప్రొఫెసర్ అందరికంటే ఆలస్యంగా తేరుకున్నాడు. జేబులోంచి కొత్త నోటుపుస్తకం తీసి అత్తగారి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఒక్కటి చెప్పండి. ఆ రోజు మీరు పనికి ఎందుకు రాలేదు? యాజమాన్యం మీద నిరసనా? ఇంట్లో ఆంక్షలా?"

"పంటి నొప్పి."

ఆ కుర్చీ మీద ఆయన తర్వాత వేసిన రెండో సంపుటంలో దానికి నలభై పేజీల అధ్యాయం ఉంది.