కారవాన్‌లో బేరి చెట్లు

తమ్ముడి సూట్‌కేసులో రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, గోంగూర పచ్చడి సర్దాను. మా పట్టాభిరామయ్య ఉద్యానశాఖలో ఆఫీసరు. బేరిపండ్లు ఎలా పండించాలో హిమాచల్ ప్రదేశ్ రైతులకు నేర్పమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇంతటి గౌరవం మా ఇంటా వంటా లేదు. ఎప్పుడు తిరిగి రావాలో మాత్రం ఉత్తర్వులో రాయలేదు.

దీనికంతటికీ మంత్రి బాలనర్సయ్య గారి ముందుచూపే కారణం. జూబ్లీ హిల్స్‌లో తమ ఇంటి తోటలో నిలబడి, "ఉగాది నాటికి ప్రతి బాల్కనీల నాష్పాతి," అని ప్రకటించారు. బేరిని ఇక్కడ అలాగే అంటారు. కుండీల్లో పెరిగే పొట్టి చెట్లు విమానంలో దిగాయి.

"సార్, వీటికి కొన్ని వందల గంటల చలి కావాలండి. మన ఎండకు పూత రాదు," అన్నాడు తమ్ముడు.

"గంతేనా? చలి శాంక్షన్ చేస్తున్న. ఎంత గావాల్నో రాస్కరా."

చలి ఫిలింనగర్‌లో దొరికింది. షూటింగుల్లో హీరోలు కూర్చునే ఏసీ కారవాన్లు చెట్టుకొకటి వచ్చాయి. చెట్లవి హీరోయిన్ కారవాన్ కన్నా చిన్నవని మంత్రిగారి భార్య అలిగితే, పెద్దవి తెప్పించారు. క్యారేజీ ఇచ్చే వంకతో నేనూ చూసి వచ్చాను. మా శ్రీనగర్ కాలనీ వాటా కన్నా బాగున్నాయి.

నెల తిరక్కుండా ఆకులన్నీ రాలిపోయాయి.

"సచ్చినయా?" అన్నారు మంత్రిగారు.

"నిద్రపోతున్నాయండి. మన పని సాగుతున్నట్టే. ఇంకో రెండు నెలలు ఆగితే..."

"రేపు ప్రెస్సొస్తది పట్టాభీ. పండుకున్నోళ్ల ఫొటో ఎవడేస్తడు? అసెంబ్లీల నేను పండుకుంటే ఏసిండ్రు, గది వేరే."

ఆర్ట్ డైరెక్టర్ సృజన్ వచ్చి ప్లాస్టిక్ ఆకులు, థర్మకోల్ పండ్లు కట్టి వెళ్లాడు.

"నోరు విప్పకురా, ఎక్కడికో బదిలీ చేస్తారు," అన్నాను తమ్ముడితో.

"విప్పకపోతే నిద్ర పట్టదక్కా."

మర్నాడు విలేకరుల ముందు మంత్రిగారు ఒక పండు కోసి కొరికారు. చాలాసేపు నమిలారు. "మస్తు తీపుంది. ఈగ గూడ వాలదు. ఎన్ని దినాలైనా కరాబు గాదు."

తమ్ముడు ముందుకొచ్చాడు. "అయ్యా, ఇది పండు కాదండి."

కెమెరాలన్నీ అతని వైపు తిరిగాయి. మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇన్నరా? ఇది పండు కాదు. ఉద్యమం."

ఆ మాట తమ్ముడి ఫొటోతో హోర్డింగులెక్కింది. నెల రోజుల్లో బేరి కాయించిన నిపుణుడని హిమాచల్ ఉత్తర్వు వచ్చింది.

ఫిబ్రవరిలో, లక్ష్యం నెరవేరింది కనుక, ఇక్కడ అతని పోస్టు రద్దు చేశారు. మంత్రిగారు ఢిల్లీ వెళ్లి అవార్డు తీసుకుని మర్నాడే వచ్చేశారు. మా తమ్ముడు కిందటి డిసెంబరు నాలుగున వెళ్లాడు. తిరిగి రాలేదు.