నిద్రపోతున్న ఎలుగు పాయింట్

ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఒక పెద్ద అడవిలో చూడదగిన ప్రదేశాలు చాలానే ఉండేవి. ఎత్తయిన జలపాతం, అద్దంలాంటి సరస్సు, దేవదారు లోయ. ఎవరూ చూడకపోయినా అవి అన్నాళ్ళూ బాగానే ఉన్నాయి. అది చూసి నక్కకు బాధేసింది. వెంటనే పర్యాటకాభివృద్ధి మండలి పెట్టి, అధ్యక్ష పదవిని తానే భరించింది.

మొదటి పనిగా జలపాతం ముందు 'జలపాతం' అని పెద్ద బోర్డు కట్టించింది. కాలేజీ రోజుల్లో మా లెక్చరరు మమ్మల్ని ఇలాంటి చోటికే తీసుకెళ్ళారు. బోర్డు స్పష్టంగా కనిపించింది. దాని వెనక నీళ్ళ చప్పుడు కూడా వినిపించింది. సరే, అదిప్పుడెందుకు.

ఎండాకాలంలో దక్షిణాది అడవుల నుంచి కొండముచ్చులు గుంపులుగా వచ్చాయి. వస్తూ అరటిగెలలు, వేరుశనగలు తెచ్చాయి. మండలి వాటిని అడవి అభివృద్ధి కోసం స్వీకరించి, చాలావరకు తినేసింది. మిగిలింది నక్క కొట్టులో దాచింది.

చలికాలం వచ్చేసరికి జలపాతం గడ్డకట్టింది. సరస్సు మంచులో కలిసిపోయింది. నక్క సమావేశం పిలిచింది.

"ఈ కాలంలో అతిథులకు చూపించడానికి మన దగ్గర ఏముంది?"

"చలి ఉంది," అంది నీటికుక్క.

"నువ్వు కాసేపు ఊరుకోవోయ్."

కార్యదర్శి గుడ్లగూబ తల పూర్తిగా వెనక్కి తిప్పి ఆలోచించింది. చదువుకున్నది కదా, ముందుకు చూస్తూ ఆలోచించదు. "ఎలుగుబంటి గుహలో పడుకుని ఉంది. వసంతం దాకా లేవదు. దక్షిణాదివాళ్ళు అలాంటి నిద్ర చూసి ఉండరు."

"అది కడుపుతో ఉందయ్యా," అంది నీటికుక్క. "ఒంట్లో కొవ్వు కరుగుతూంటేనే దానికి తిండి. ఇప్పుడు లేపితే అడవిలో ఆకు కూడా దొరకదు. తల్లీ పిల్లలూ అందరూ పోతారు."

"లేపమని ఎవరన్నారు? చూడమంటున్నాం, అంతే," అంది నక్క. "అయినా మనది ప్రజాస్వామ్యం. ఆవిడ్నే అడుగుదాం."

గుడ్లగూబ గుహ దాకా వెళ్ళి, "అభ్యంతరం ఉంటే చెప్పండమ్మా," అని గుసగుసగా అడిగింది. లోపల్నించి గురక వినిపించింది. అభ్యంతరం లేదని రాసుకుంది. మండలి సభ్యుల్లో కొండగొర్రె దేనికైనా తలూపుతుంది. ఈసారి రెండుసార్లు ఊపింది. తీర్మానం ఏకగ్రీవం.

కబురు అందగానే కొండముచ్చులు ఆకులు కప్పుకుని, వణుకుతూ వచ్చాయి. గుహ ముందు వరస కట్టాయి.

"ఏమండీ, ఊపిరి పీలుస్తోందా?" అని ఒక కొండముచ్చు మొగుణ్ణి అడిగింది.

"పీలుస్తోందిలేవే. కాస్త జరుగు, మా అమ్మకి కనపడ్డం లేదు."

"ఇంతేనా? కదలదా?"

"కదిలితే అది నిద్రెలా అవుతుంది?"

"దీనికోసం ఇంత దూరం రావాలా? ఇంట్లో మీరు రోజూ చూపిస్తున్నదేగా."

ఆ అత్తగారికి గుహల్లో అరిస్తే తిరిగి వినిపిస్తుందని తెలుసు. ఆవిడ ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "ఓహో" అని అరిచింది. గుహ దాన్ని పదింతలు చేసి తిరిగిచ్చింది.

గురక ఆగిపోయింది.

ఎలుగుబంటి బయటికొచ్చేసరికి అతిథులంతా దేవదారు కొమ్మల మీదున్నారు. కింద మండలి ఒక్కటే మిగిలింది.

"ఎవరు పిలిచారు నన్ను?"

"అమ్మా, మీరు ఈ అడవికే గర్వకారణం," అని నక్క మొదలెట్టింది. "మళ్ళీ వెళ్ళి పడుకుంటే..."

"ఖాళీ కడుపుతో ఎలా పడుకోను నాయనా? నా కోసం కాదు, లోపలున్నవాళ్ళ కోసం అడుగుతున్నా. నీ కొట్టులోంచి అరటిపళ్ళ వాసనొస్తోంది."

అరటిపళ్ళు అయిపోయాయి. వేరుశనగలు తొక్కలతో సహా అయిపోయాయి. ఎలుగుబంటి మూతి తుడుచుకుని కొండగొర్రె వైపు చూసింది. కొండగొర్రె పుట్టిన తర్వాత మొదటిసారి తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఎలుగుబంటి నక్క వైపు తిరిగింది. "పదవిలోకొచ్చాక బాగా ఒళ్ళు చేశావు, అధ్యక్షా."

"చేపలు తెప్పిస్తానమ్మా," అంది నక్క.

తెప్పించడానికి ఎవరూ లేరు. సరస్సు మీది మంచు పగలగొట్టి, నడుం దాకా నీళ్ళలోకి వంగి, నక్కే పట్టాల్సి వచ్చింది. నీటికుక్క పక్కన నిలబడి, "తల ఇంకాస్త లోపలికి ముంచండి అధ్యక్షా, మీకు లోతు తెలియాలి," అని నేర్పింది. ఎలుగుబంటికి మళ్ళీ ఒళ్ళొచ్చేదాకా ఆ పని సాగింది. కొండముచ్చులు ఎప్పుడో ఇంటిదారి పట్టాయి.

కడుపు నిండి ఎలుగుబంటి మళ్ళీ పడుకుంది. ఆ చలికాలమంతా అడవిలో ఎవరూ తుమ్మలేదు. గుహ ముందు గుడ్లగూబను కాపలా పెట్టారు. గాలి కాస్త గట్టిగా వీస్తే, అది "మెల్లగా" అని గాలిని బతిమాలేది.

వసంతంలో ఎలుగుబంటి ఇద్దరు పిల్లలతో బయటికొచ్చింది. ఎముకలు తేలిన నక్క ఎదురెళ్ళి, నిద్ర సరిగా పట్టిందా అమ్మా అని అడిగింది. అంతకుముందు ఆ అడవిలో ఎవరూ ఆవిడ్ని ఆ మాట అడిగినట్టు లేదు.

నీతి: ప్రశాంతంగా పడుకోవాలనుకునేవాళ్ళు, ముందు ఒకసారి ఆకలితో లేచి కనపడాలి.