నాలుగు మిల్లీమీటర్లు

ఆ శనివారానికి వీబ్కె వేసుకున్న పథకం చిన్నది. పదకొండింటికి నలుగురు ఆడతారు, ఒంటిగంటకు ప్లమ్ కేకు తింటారు. ఆపైన ఆటల ప్రచురణ సంస్థ నుంచి వచ్చే ల్యూడర్స్ గారు ఆమె తయారుచేసిన కార్డుల ఆటను తీసుకుంటారు, లేదా తీసుకోరు. మూడేళ్ల శ్రమ ఆ రెండు మాటల నడుమ వేలాడుతోంది.

ఆటలో వంతు బల్ల చుట్టూ తిరిగినకొద్దీ ఊరిమీదికి వరద వస్తుంది. నలుగురూ నాలుగు మూలలా, కార్డుకో ఇసుకబస్తా పేర్చి, కట్ట లేపాలి. ఒంటరిగా ఏ కార్డూ ఊరిని కాపాడలేదు. ఒకదాని చేయి ఇంకొకటి అందుకోవాలి. ఊదే కొమ్ము బొమ్మ ఉన్న కార్డు పక్కవారికి వంతునిస్తుంది. పడవ కార్డు కొమ్మునూ తననూ తిరిగి చేతికి తెచ్చి, వంతును వెనక్కి పంపుతుంది. ఆ జంటను చూస్తే వీబ్కెకు కన్నబిడ్డల మీదున్నంత గర్వం. కానీ అవి ఆగకుండా తిరగగలవు గనుక వాటి అడుగున సన్నని అక్షరాలతో కళ్లెం వేసింది: "ఆటకు ఒక్కసారే."

కార్డులు కోసినవాడు ఆమె తండ్రి ఎకార్ట్. నలభై ఏళ్లు అచ్చాఫీసులో కాగితం కోసిన చేయి. అడుగు అంచు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువైనట్టు తోచి, అన్నిటినీ సమం చేశాడు. కళ్లెం చెత్తబుట్టలో పడింది.

నాలుగో ఆటగాడికి జలుబు చేయడంతో ఆ కుర్చీలో ఎకార్టే కూర్చున్నాడు. మిగతావారు పై అంతస్తు దంపతులు తమ్మో, గేజా, ఆపైన ల్యూడర్స్ గారు. ఇలాంటి పరీక్షలో ఆట తయారుచేసినవారు నోరు మెదపరాదు. పెట్టెలో ఉన్నదే మాట్లాడాలి. వీబ్కె కిటికీ పక్కన నిలబడింది.

తమ్మో కొమ్ము వేశాడు, గేజా పడవ వేసింది. ఇద్దరి మూలలకూ చెరొక చెక్క ఇసుకబస్తా చేరింది. మళ్లీ కొమ్ము, మళ్లీ పడవ. ఆరోసారికి వీబ్కె చూపు కార్డుల అడుగుకు చేరింది; అక్కడ ఆ సన్నని అక్షరాలు లేవు. దగ్గింది. ల్యూడర్స్ గారు పెదవులపై వేలుంచారు. చెక్కబస్తాలు అయిపోతే చక్కెర బిళ్లలు పేర్చారు. అవీ అయిపోతే కేకుకు ఒలిచిన ప్లమ్ గింజలు.

"ఇన్నేళ్ల కాపురంలో మనకింతగా కుదరడం ఇదే మొదలు," అన్నాడు తమ్మో.

"మాటలాపి కొమ్ము వెయ్యి," అంది గేజా.

ఒంటిగంటైనా ల్యూడర్స్ గారికి ఒక్క వంతు రాలేదు. వెళ్లిపోవడానికన్నట్టు ఆవిడ తన చేతిసంచిని దగ్గరకు లాక్కున్నారు.

ఏమీ తోచక ఎకార్ట్ తన చేతిలోని కార్డును మొదటిసారి చదివాడు. పొరుగింటి ఫిర్యాది. ఎవరికీ పనికిరావడం లేదని వీబ్కె తీసేయబోయిన కార్డు. "ఎప్పుడైనా వేయవచ్చు. కొమ్ము ఊదరాదు." దాని అడుగున ఉన్న "ఒక్క వంతు వరకే" కూడా అదే బుట్టలో ఉంది.

"ఒంటిగంట దాటింది. జనం కునుకు తీసే వేళ. కొమ్ము కట్టిపెట్టండి," అని ఎకార్ట్ కార్డును బల్లపై పెట్టాడు, పోలీసులకు కాగితం ఇచ్చినంత గంభీరంగా.

వంతు కదిలింది, వరదా కదిలింది. రెండు మూలల కొండలు, రెండు మూలల వట్టి నేల. ఆ నేలమీదుగానే నీరొచ్చింది. దంపతుల చక్కెర ల్యూడర్స్ గారి మూలకు, గింజలు ఎకార్ట్ మూలకు చేతులు మారాయి. ఒకే ఒక్క బిళ్ల మిగిలి ఊరు నిలిచింది. ల్యూడర్స్ గారు చేతిసంచి కింద పెట్టేశారు.

"ఆట తీసుకుంటాం. కొమ్ముకూ ఫిర్యాదికీ ఆ పొత్తు కుదిర్చిందెవరు?"

అబద్ధమాడటానికి వీబ్కెకు ఒక్క క్షణం పట్టేది. "మా నాన్న," అంది, తల ఎత్తి.

"నేను చదవలేదమ్మా, కొలిచానంతే," అన్నాడు ఎకార్ట్. అయినా ఆట ముగిశాక కేకు ముక్కలు ఆయనే కోశాడు, అన్నీ సమంగా.

పెట్టెపై కూతురి పేరు కింద, అంచును ఆనుకొని, సన్నని అక్షరాలతో తండ్రి పేరూ అచ్చయింది. ఈసారి మాత్రం అడుగు అంచు ఎక్కువగా ఉన్నట్టు ఆయనకు తోచలేదు.