ఎర్రగట్టు దొరవారి చిరుతపులి

ఎర్రగట్టుపల్లిల డప్పు మోగింది.

"వినుండ్రహో! ఇయ్యాల్టి సంది దొరవారి పన్నెండు వందల ఎకరాల కంచను ఎవ్వలు కంచ అనొద్దు! దాని పేరు దేశ్‌ముఖ్ అనంతకిషన్‌రావు వంశపారంపర్య ప్రైవేటు వన్యమృగ సంరక్షణ కేంద్రం!"

డప్పు కొట్టే పర్వతాలు అనేటోడు అంత పేరు ఒక్క ఊపిరిల అనలేక 'సంరక్షణ' కాడ ఆగి దగ్గిండు. అది పందొమ్మిది వందల అరవై ఒకటి. భూములకు సీలింగు వస్తాందని గడీలల్ల దొరలకు నిద్ర కరువైన యేడు. అడివి అని రాయించుకున్న జాగా పోదని పట్నం వకీలొకాయన దొర చెవుల ఊదిండు. అయితే దొర భూమి కోసమే గీ పని చేసిండు అనేటోళ్ల కండ్లు పోతయి. ఆ వంశానికి మూగజీవాలంటే మొదటి సంది పానం.

ముత్తాత జింకలను కాపాడాలని పులులన్నిటిని కాల్చిండు. పులులు లేక జింకలు పెరిగి గడ్డి మిగలనిస్తలేవని, గడ్డిని కాపాడాలని తాత జింకలను కాల్చిండు. గడ్డికి ఎండ తగలాలని తండ్రి చెట్లన్ని కొట్టించి, బొగ్గు చేసి పట్నానికి తోలిండు. ఆ పులులు, జింకలు ఇప్పటికి గడీ గోడలకు భద్రంగ ఉన్నయి. అక్కడ ఏ వేటగాడు వాటి జోలికి పోలేడు.

ఇగ కంచల మిగిలినయి తుమ్మచెట్లు, రేగు కంపలు, గొల్ల దుర్గయ్య గొర్రెలు. నలభై జీవాలు. ఆ కంచ తప్ప వాటికి వేరే మేత లేదు, ఆ గొర్రెలు తప్ప దుర్గయ్యకు వేరే బతుకు లేదు.

మూడోనాడు గడీకి పిలుపొచ్చింది.

"దుర్గయ్యా, ఏమేం మృగాలున్నయో రాయమని సర్కారు కాయితం వచ్చింది. చిరుతపులి అని రాసిన," అన్నడు దొర.

"నీ బాంచెన్ దొరా, చిన్నప్పటి సంది గదే కంచల మేపుతున్న. చిరుత ఎన్నడు కండ్ల పడలే."

"కనబడకపోవుడే దాని గుణం రా! జింకలని రాస్తే చూపియ్యమంటరు. చిరుతను చూపియ్యమని ఎవడన్న అడుగుతడా?"

పక్కనున్న గుమాస్తా భిక్షం దొర తెలివికి దండం పెట్టిండు.

"మరి నాతోని ఏం పని దొరా?"

"కనబడకున్నా తింటది గద. రేపు రేంజరు వస్తడు. నీ గొర్రెను పులి ఎత్కపోయిందని వేలిముద్ర వెయ్యి. వెయ్యనంటివా, కంచ చుట్టు ముండ్లతీగె పడతది. జీవాలను నీ ఇంట్ల మేపుకో."

రేంజరు సాబ్ జీపుల దిగిండు. కాయిదా కానూను తప్పని మనిషి. ఎముకలు చూడంది పంచనామా రాయనన్నడు. ఎముకలు కావాలంటే ముందుగాల గొర్రె కావాలె. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గడీ వంటింట్ల ఎముకలు తయారైనయి. సాబ్ చేతులు కడుక్కొని రిజిస్టరుల రాసిండు: "చిరుత ఆరోగ్యముగా నున్నది. ఆకలి మెండు. కార్జము మీద మక్కువ. మూలుగ సైతము విడువలేదు." దుర్గయ్య కింద వేలిముద్ర వేసిండు.

ఇగ చిరుతకు ఎదురు లేకపాయె. రేంజరు పెండ్లాం పిల్లలతోని వచ్చిన నెల రిజిస్టరుల ఒక ఆడపులి, మూడు పిల్లలు ఎక్కినయి. చిన్న పులిపిల్ల కారం తినదని గూడ శాస్త్రీయంగ రాసిండ్రు. తాసిల్దారు వచ్చిన నాడు పక్క అడివి నుంచి ఒక ముసలి పులి వలస వచ్చింది. దానికి పండ్లు ఊడినయట, ఖీమా అయితేనే ముడుతదట.

"వాళ్ల కడుపుల మన్ను వడ!" అన్నది దుర్గయ్య పెండ్లాం సోమమ్మ. "విత్తనపు పొట్టేలు గూడ పాయె. నువ్వు మనిషివా, ఉత్త బొటనవేలువా?"

"ఏం జెయ్యమంటవే? కంచ పోతే ఉన్నయి గూడ సస్తయి."

"ఇప్పుడు బతుకుతున్నయా?"



ఎండకాలంల అడవుల మంత్రిగారే వచ్చిన్రు, వెంట ఇరవై ఎనిమిది మంది. రిజిస్టరు ప్రకారం ఆ ఒక్క పూట జిల్లాల చిరుతలు ఎన్నడు లేనంత దండిగ ఉండె. భోజనాలైనంక మంత్రిగారు దొరకు శాలువా కప్పి గొంతు సవరించుకున్నరు. "మానవుడూ మృగమూ ఒకే పంక్తిలో భుజించే శుభదినం రావాలి! ఆ దినం ఈ వంశం వల్లనే వస్తుంది!"

చప్పట్లు మోగినయి. దుర్గయ్యకు ఇంటికాడ ఒక్క సూడి గొర్రె మిగిలింది. ఆయన లేచి నిలబడ్డడు.

"సారూ! గీడ పులి లేదు. ఎన్నడు లేకుండె. నా గొర్రెలను తిన్నది..." అని వేలు చూపబోయి, ఎవల దిక్కు చూపాల్నో తెల్వక అందరి దిక్కు చూపిండు.

దొర మొఖం తెల్లబడ్డది. రేంజరు మాత్రం డ్యూటీ మరువలేదు. రిజిస్టరు తెరిచిండు.

"చిరుత ఉన్నదని గీ ముప్పై తొమ్మిది వేలిముద్రలు ఎవలియి?"

"నాయే సాబ్."

"పొద్దటిదాక ఉన్న పులి ఇప్పుడు లేదంటే, ఎవడో చంపిండన్నట్టు. ఎవడు చంపుతడు? ఎవని గొర్రెలు తిన్నదో వాడే చంపుతడు. సర్కారు రికార్డుల ఉన్న పులిని చంపితే జైలు తప్పదు."

మంత్రిగారు "ఎంత క్రూరుడు!" అని కండ్లు ఒత్తుకున్నరు.

దొరది మెత్తటి గుండె. "పోనియ్యుండ్రి సాబ్. పులి బతికే ఉన్నదని రుజువైతే కేసు ఇడిసిపెట్టుండ్రి. దుర్గయ్యా, నీ ఇంటికాడ ఇంకో రుజువున్నది గద, రేపు తీస్కరా."

తెల్లారి సోమమ్మ సూడి గొర్రె మెడ పట్టుకొని ఊరంత ఇనబడేటట్టు ఏడ్చింది. దుర్గయ్య ఆమె చేతులు ఇడిపించి, గొర్రెను భుజాల మీద మోసుకొని తానే గడీకి తీస్కపోయిండు.

పగటీలి తిండి అయినంక రేంజరు చేతులు కడుక్కొని రాసిండు: "చిరుత సజీవముగా నున్నది. ముద్దాయి నిర్దోషి." దుర్గయ్య ఊపిరి పీల్చుకున్నడు.

"నేను పోతున్న సాబ్."

"వచ్చే వారం తనిఖీ ఉన్నది, మల్ల వస్త."

"ఇగ ఒక్క జీవం లేదు సాబ్. మంద ఖతమైంది."

రేంజరు కాయిదాల పుస్తకం తిరగేసిండు. అటు చూసిండు, ఇటు చూసిండు.

"పులికి ఇన్నొద్దులు మేత పెట్టింది నువ్వే. నీ గొర్రెలకు అలవాటు పడ్డ పులి ఆకలికి చస్తే, గా కేసు గూడ నీ మీదనే పడతది. జర ఫికర్ చేసుకో."

దుర్గయ్య గొంగడి భుజానేసుకొని పక్కూరు దారి పట్టిండు. అక్కడ కురుమ మల్లయ్య మంద కాడ నిలబడ్డడు.

"ఏందన్నా, ఇంత ఎండల వచ్చినవు?" అని మల్లయ్య అడిగిండు.

"ఒక గొర్రె ఉంటే జర బదులియ్యి తమ్మీ," అన్నడు దుర్గయ్య. "మా పులి ఉపాసమున్నది."